అదను తప్పిన వేతనం

1823 ఆగస్టు 17న బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. అంతకు ముందటి ఏడాది గవర్నర్ థామస్ మన్రో, జిల్లాల్లో చదువుల స్థితి ఎలా ఉందో లెక్కతీసి పంపమని కలెక్టర్లందరినీ కోరాడు. ఇది దానికి జవాబు. ఈనాటి అనంతపురం అప్పట్లో బళ్లారి జిల్లాలో భాగమే. తొమ్మిది లక్షల ఇరవై ఏడు వేల పైచిలుకు జనాభాకు 533 బడులు, వాటిలో 6,641 మంది పిల్లలు ఉన్నారని క్యాంప్‌బెల్ లెక్క తేల్చాడు. 235 బడుల్లో కన్నడం, 226 బడుల్లో తెలుగు, 23 చోట్ల సంస్కృతం నేర్పుతున్నారు. తెలుగు వ్యాకరణం రాసి, నిఘంటువు కూర్చిన మనిషి కాబట్టి అతను అంకెలతో ఆగలేదు. ఈ 533 బడుల్లో ఒక్కదానికీ ప్రభుత్వం నుంచి దమ్మిడీ ముట్టడం లేదని, ఆ మాట రాయడానికి సిగ్గుపడుతున్నానని కూడా రాశాడు. రెండు వందల ఏళ్లు గడిచాయి. ఇవాళ ఎం.ఎ., ఎం.ఎస్సీ., పరిశోధన చదవబోయే అనంతపురం విద్యార్థికి పథకాల పేర్లకు కొదవ లేదు. అయినా పై చదువులు మధ్యలో ఆగిపోతూనే ఉన్నాయి. ఈ పీఠభూమిలో చదువు ఖర్చంటే ఫీజుతో పాటు మెస్ బిల్లు, గది అద్దె, ఇంట్లో తగ్గిపోయే ఒక మనిషి కూలి. ఫీజు కాని ఆ ఖర్చుల లెక్కను పట్టించుకున్న సహాయాలే ఇక్కడ నిలిచాయి. పట్టించుకున్నా వేళకు చేరనివి అప్పు తీర్చుకోవడానికి పనికొచ్చాయి గానీ చదువు నిలబెట్టలేదు. ఈ ప్రాంతపు చరిత్రంతా ఇదే చెబుతుంది.

పూర్వపు హిందూ రాజ్యాల్లో విద్యకు ధనం, భూమి పెద్ద ఎత్తున ఇచ్చేవారని క్యాంప్‌బెల్ కూడా ఒప్పుకున్నాడు. ఆ దానాలు ఎలా ఉండేవో తెలియాలంటే తెలుగు నేల మీద 1261 నాటి మల్కాపురం శాసనం చూడాలి. గోళకీ శైవ మఠాధిపతి విశ్వేశ్వర శివాచార్యుడికి కాకతీయ పాలకులు గణపతిదేవుడు, రుద్రమదేవి ఇచ్చిన గ్రామాల ఆదాయాన్ని ఎలా ఖర్చు పెట్టాలో అందులో ఉంది. వేదాలు చెప్పేవారు ముగ్గురు, తర్కం, వ్యాకరణం, సాహిత్యం లాంటి శాస్త్రాలు చెప్పేవారు ఐదుగురు. వీరితో పాటు ఒక వైద్యుడు, ఒక లెక్కల కరణం. విద్యార్థుల తిండికి, వైద్యశాలకు, ప్రసూతిశాలకు, అన్నసత్రానికి వేర్వేరుగా భాగాలు. అంటే దాత పాఠం చెప్పించడంతో సరిపెట్టుకోలేదు, చదివేవాడి పూట గడిచే ఏర్పాటూ చేశాడు. అదీ ఏటేటా పండే భూమి మీద చేశాడు కాబట్టి ప్రతి సంవత్సరం మళ్లీ అర్జీ పెట్టుకోవలసిన పని లేదు. ఆ చదువు ఏ కులాలకు దక్కింది, ఏ కులాలు ఆ భూమిలో చాకిరీ చేశాయి అన్న ప్రశ్న దాటవేయలేనిది. ఆ వ్యవస్థను తిరిగి కోరుకోవాల్సిన పని లేదు. కానీ విద్యాదానం అంటే విద్యార్థి బతుకు ఖర్చు కూడా అందులో భాగమేనన్న అవగాహన మాత్రం అక్కడుంది. తర్వాతి కాలంలో మనం పోగొట్టుకున్నది దాన్నే.

ఎలా పోయిందో కూడా క్యాంప్‌బెల్ రాతలోనే దొరుకుతుంది. చదువు కోసం ఇచ్చిన భత్యాలు, శ్రోత్రియ భూములు కాలక్రమంలో ఆయా కుటుంబాల సొంత ఆస్తులయ్యాయి. పాఠం చెప్పాలన్న షరతు జారిపోయింది, ఆదాయం మాత్రం మిగిలింది. తర్కం, ధర్మశాస్త్రం, జ్యోతిషం కొందరు పండితులు ఇళ్లలో శిష్యులకు ఊరికే చెబుతూనే ఉన్నారు. కానీ పాలకుల ఆదరణ లేకుండా పై చదువు ఏ దేశంలోనూ వర్ధిల్లలేదని అతను గుర్తుచేశాడు. మామూలు జనం సంగతికొస్తే ఇంకా సూటిగా మాట్లాడాడు. దేశం క్రమంగా బీదదవుతోంది. ఐరోపా సరుకు వచ్చి పడ్డాక చేతిపనుల వారి రాబడి తగ్గింది. కాళ్లూ చేతులూ ఆడగానే పిల్లలు పనిలోకి దిగితే తప్ప ఇల్లు గడవని కుటుంబాలు బడికెలా పంపుతాయి? బడి ఫీజు నెలకు కొన్ని అణాలే కావచ్చు, పిల్లవాడు తేవాల్సిన కూలి దానికి ఎన్నో రెట్లు. ఇరవై రెండేళ్ల అమ్మాయి ఎం.ఎస్సీ.లో చేరాలా, బెంగళూరులో ఉద్యోగానికి వెళ్లాలా అని ధర్మవరంలోనో మడకశిరలోనో ఒక ఇల్లు తేల్చుకునేటప్పుడు ఇవాళ వేసుకునే లెక్క కూడా అదే.

1876-78 నాటి కరువు ఈ సీమను తుడిచిపెట్టింది. 1882లో బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లా ఏర్పరిచారు. జిల్లా వచ్చిన ముప్పై నాలుగేళ్లకు, 1916లో, దత్తమండల కళాశాల వచ్చింది. ఈనాటి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల అదే. ఆ ఏడాదే మద్రాసు నుంచి బదిలీ మీద అనంతపురం వచ్చిన ఉపాధ్యాయుడు సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన స్కాలర్‌షిప్పుల మీద చదువుకున్నవాడు. తత్వశాస్త్రం ఎంచుకోవడానికి ఒక కారణం, అదే కళాశాలలో చదివిన బంధువు తన పాఠ్యపుస్తకాలు ఊరికే ఇవ్వడం. భారత తత్వశాస్త్రాన్ని ప్రపంచానికి చెప్పిన పండితుడి దారిని మలుపు తిప్పింది పుస్తకాల ఖర్చు. బీదింటి పిల్లలు సబ్జెక్టు ఎంచుకునేటప్పుడు ఇష్టం ఎంతవరకు చెల్లుతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. ఆ కళాశాల డిగ్రీ దాకానే తీసుకెళ్లగలిగింది, ఆపైన మద్రాసే దిక్కు. కర్నూలు జిల్లా పెదపాడులో దళిత కుటుంబంలో పుట్టిన దామోదరం సంజీవయ్య ఈ దత్తమండల కళాశాలలోనే చదివి, న్యాయశాస్త్రానికి మద్రాసు వెళ్లాడు. 1960లో రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యాడు. అలా వెళ్లగలిగినవారి పేర్లు మనకు తెలుసు. వెళ్లలేక ఆగిపోయినవారి పేర్లు ఏ దస్త్రంలోనూ లేవు.

దూరం కూడా ఫీజు లాంటిదే, కాకపోతే రసీదు రాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలైంది. కేంద్రం ఎక్కడుండాలన్న వాదులాటలో అనంతపురం పేరు కూడా వచ్చింది గానీ చివరికి వాల్తేరుకు వెళ్లింది. దత్తమండలాల (రాయలసీమ) కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయం కిందే ఉండిపోయాయి. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వాల్తేరుతో పాటు అనంతపురంలో రెండో కేంద్రం పెట్టాలన్న మాట ఉంది. నీళ్ల గురించి, రాజధాని గురించి రాసిన షరతుల సరసన విశ్వవిద్యాలయాన్ని కూడా పెట్టారంటే, పై చదువు దగ్గర్లో లేకపోవడం ఎంత బరువో ఆనాటి రాయలసీమ నాయకులకు తెలిసినట్టే. ఆ మాట నెరవేరడానికి ముప్పై ఒక్క ఏళ్లు పట్టింది. అదీ వాల్తేరు ద్వారా కాదు, 1954లో తిరుపతిలో పుట్టిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రంగా 1968లో. అదే 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. ముప్పై ఒక్క ఏళ్ల ఆలస్యమంటే ఒక తరం మొత్తం. ఊళ్లో ఉండి చదువుకోగలిగిన పీజీకి పరాయి ఊళ్లో గది అద్దె కట్టాల్సి వచ్చిన తరం అది.

స్కాలర్‌షిప్పు దాత దయ అన్న భావం మారి హక్కు అన్న భావం రావడం వెనక అంబేద్కర్ అనుభవం ఉంది. 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లడానికి ఆయనకు బరోడా గైక్వాడ్ మూడేళ్ల పాటు నెలకు పదకొండున్నర పౌండ్లు ఇచ్చాడు. బదులుగా పదేళ్లు సంస్థానంలో కొలువు చేయాలని షరతు. దాతృత్వానికి ఉండే హద్దు ఎలాంటిదో తెలిసిన మనిషి కాబట్టే, 1942లో వైస్రాయికి సమర్పించిన వినతిపత్రంలో అణగారిన కులాల పై చదువులకు ప్రభుత్వమే నిధులివ్వాలని పట్టుబట్టాడు. 1944లో షెడ్యూల్డ్ కులాలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు మొదలైంది. ఆ తర్వాత గిరిజనులకు, వెనకబడిన తరగతులకు వచ్చింది. ఈ పథకం గొప్పతనం ఫీజుతో పాటు భృతి కూడా ఇవ్వడంలో ఉంది. పూట గడవడం చదువులో భాగమేనన్న సూత్రం ఈసారి కులాన్ని బట్టి తలుపు మూసే మఠం నుంచి కాక, మూసిన తలుపులు తెరిచే ప్రభుత్వ పథకం నుంచి వచ్చింది. అయితే సూత్రం సరైనదైతే చాలదు. 2020-21లో సవరించిన రేట్ల ప్రకారం ఎం.ఎ., ఎం.ఎస్సీ. చదివే ఎస్సీ విద్యార్థి హాస్టల్లో ఉన్నా అందే భృతి నెలకు ఎనిమిది వందలు కూడా పడదు. ఇంటి నుంచి వచ్చిపోతే ఇంకా తక్కువ. ఏ ఊళ్లో ఏ హాస్టల్ మెస్ బిల్లుకు ఇది సరిపోతుందో లెక్క వేసినవాళ్లు చెప్పాలి.

ఈ ఖాళీని అనంతపురంలో కొంతవరకు పూడ్చింది ప్రభుత్వేతర సంస్థలు. మహారాష్ట్ర నుంచి వెళ్లగొట్టిన స్పెయిన్ దేశస్థుడు విసెంటె ఫెర్రర్ 1969లో ఇక్కడికి వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పెట్టాడు. 2009లో కన్నుమూసే దాకా ఇక్కడే ఉన్నాడు. స్పెయిన్ కుటుంబాలు ఒక్కొక్క పిల్లవాడి పేరున పంపే డబ్బుతో బడి, ఇల్లు, ఆసుపత్రి అన్నీ కలిపి నడిపిన సంస్థ అది. ప్రతిభ ఉన్న పిల్లలను పై చదువుల దాకా మోసింది. పుట్టపర్తిలో 1981లో డీమ్డ్ హోదా పొందిన సత్యసాయి ఉన్నత విద్యాసంస్థ ట్యూషన్ ఫీజు లేకుండానే పీజీ చెబుతోంది. ఈ రెండింటి మేలు తక్కువ చేసి చూపడం అన్యాయం. కానీ దాతృత్వం ఎంత విశాలమైనా దానికి ఒక ద్వారం ఉంటుంది, ఆ ద్వారం తాళం వేరేవాళ్ల చేతిలో ఉంటుంది. 2025లో ట్రస్టుకు విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ ఆగినప్పుడు జిల్లాలో జనం రోడ్ల మీదికి వచ్చారు. ఢిల్లీలో ఒక కాగితం ఆగితే తమ పిల్లల చదువులు, ఆసుపత్రులు ఆగుతాయని వాళ్లకు అర్థమైంది.

ప్రభుత్వం తరఫున అతిపెద్ద అడుగు 2007-08లో మొదలై తర్వాతి ఏడాదికి విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్. దాని మీద ఉన్న విమర్శ అందరికీ తెలిసిందే. ప్రభుత్వం కడుతుంది కదా అని కళాశాలలు పుట్టుకొచ్చాయి, ప్రమాణాలు పడిపోయాయి, డబ్బు విద్యార్థి పేరున బయల్దేరి యాజమాన్యం జేబులోకి చేరింది అంటారు. ఇందులో నిజం ఉంది. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కళాశాలల్లోని పీజీ విద్యార్థులకు ఆ సాయం ఆపినప్పుడు సమర్థించినవారు చెప్పింది కూడా ఇదే, ప్రైవేటు పీజీల్లో పస లేదని. కానీ కళాశాల చెడ్డదైతే గుర్తింపు రద్దు చేయాలి గానీ విద్యార్థి సాయం రద్దు చేయడం ఏమి న్యాయం? హిందూపురంలోనో గుంతకల్లులోనో ఉన్న అమ్మాయికి ఇంటి నుంచి వెళ్లిరాగల పీజీ ఆ ప్రైవేటు కళాశాలే అయితే, విశ్వవిద్యాలయం క్యాంపస్‌కు పొమ్మనడమంటే ఆమె మీద మళ్లీ దూరం ఫీజు వేయడమే. విద్యార్థి సంఘాలు ఈ జీవో రద్దు కోసం ఏళ్ల తరబడి పోరాడాయి. 2024 ఎన్నికల్లో అది హామీల్లోకి ఎక్కింది.

ఇక అదను సంగతి. వేరుశనగ వేసే రైతుకు ఏడాది మొత్తం మీద ఎంత వాన పడిందన్నది రెండో ప్రశ్న, ఎప్పుడు పడిందన్నదే మొదటిది. సగటున 550 మిల్లీమీటర్లు పడే ఈ జిల్లాలో ఊడలు దిగే వేళ మూడు వారాలు ఎండ కాస్తే, ఆ తర్వాత ఎంత కుండపోత కురిసినా కాయ నిండదు. స్కాలర్‌షిప్పు కూడా అంతే. జూన్, జూలైల్లో ఇంట్లో ఉన్న డబ్బంతా విత్తనానికి, ఎరువుకు పోతుంది. పంట చేతికొచ్చేది అక్టోబరు, నవంబరుల్లో. పీజీ అడ్మిషన్లు, హాస్టల్ డిపాజిట్లు వచ్చిపడేది సరిగ్గా ఈ రెంటి మధ్య. రైతు ఇంట్లో చేతిలో రూపాయి ఆడని నెలలవి. అప్పుడు అందని సాయం మరుసటి ఏడాది ఖాతాలో పడితే అది వడ్డీవ్యాపారికి చేరుతుంది. విద్యార్థి చేయాల్సిన పని చూడండి. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రాలకు గ్రామ సచివాలయం చుట్టూ, ఆ తర్వాత తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగాలి. ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతా తెరవాలి. జ్ఞానభూమి పోర్టల్లో నమోదు కావాలి, వేలిముద్ర వేయాలి. ఇదంతా ఒక్క అక్షరం తేడా లేకుండా సరిపోయాక కూడా విడుదల బడ్జెట్ చేతిలోనే ఉంటుంది. బకాయి తేలేదాకా సర్టిఫికెట్లు ఇవ్వమనే యాజమాన్యాల దగ్గర విద్యార్థి బందీగా మిగులుతాడు.

పరిశోధన దగ్గరికొస్తే తేడా ఇంకా స్పష్టం. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ గెలిచినవారికి 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. అది రానివారికి యూజీసీ ఇచ్చే నాన్-నెట్ ఫెలోషిప్ నెలకు 8,000, అదీ కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఉంటేనే. అనంతపురానికి ఒకవైపు ఇటుకలపల్లి దగ్గర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, మరోవైపు జంతులూరు దగ్గర 2018లో మొదలైన కేంద్రీయ విశ్వవిద్యాలయం. ఒకే ఊరి గాలి పీలుస్తూ, ఒకే బస్టాండులో దిగే ఇద్దరు పరిశోధకుల్లో ఒకరికి ఆ పథకం తలుపు తెరుస్తుంది, ఇంకొకరికి తెరవదు. రాష్ట్ర విశ్వవిద్యాలయంలోనే బీదలు ఎక్కువగా చేరతారన్నది వేరే చెప్పాలా? 2005-06లో దళిత, గిరిజన పరిశోధకులకు వచ్చిన రాజీవ్ గాంధీ జాతీయ ఫెలోషిప్ ఈ లోటు కొంత తీర్చింది. మైనారిటీలకు 2009లో వచ్చిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022లో ఆపేశారు. విదేశీ చదువులకు ఇచ్చే నేషనల్ ఓవర్‌సీస్ స్కాలర్‌షిప్పు ఏటా 125 మందికే. 2025లో ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే పత్రాలిచ్చి, మిగతావారిని నిధులు వచ్చేదాకా ఆగమన్నారు. విదేశీ విశ్వవిద్యాలయం సెప్టెంబరులో తలుపు మూసేస్తుంది, నిధుల కోసం ఆగదు.

అప్పులు ఉన్నాయి కదా, ఉచితం ఎందుకు అని అడిగేవారున్నారు. విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా హామీ ఆస్తి చూపాలి. మెట్ట భూమి మీద ముందే పంట రుణం ఉన్న ఇంటికి రెండో హామీ ఎక్కడిది? 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి హామీ అడగదు గానీ, ఎంపిక చేసిన సంస్థల్లో చేరినవారికే. ఎంబీఏ చదివేవాడు అప్పు తీర్చగలడేమో, తెలుగులోనో చరిత్రలోనో ఎం.ఎ. చేసి ఉపాధ్యాయుడు కావాలనుకునేవాడు అప్పు చూసి వెనక్కి తగ్గుతాడు. అప్పు మీద నడిచే పై చదువు బీదలను జీతం దొరికే సబ్జెక్టులకే తోలుతుంది. మరో వాదన, ముందు ప్రాథమిక విద్య బాగుచేయండి, పీజీ ఆనక చూద్దాం అనేది. పాత వాదనే ఇది. కానీ బడిలో మంచి టీచరు కావాలంటే పీజీ చదివినవాడు కావాలి, ఆ టీచరును తయారుచేసేవాడు పరిశోధన చేసినవాడు కావాలి. పై మెట్టు తీసేస్తే కింది మెట్టు దానంతటదే బలపడదు. ప్రతిభ ఉన్నవాడికి డబ్బు ఎలాగో దొరుకుతుందని కొందరంటారు. దొరికినవారిని మాత్రమే మనం చూస్తున్నాం కాబట్టి అలా అనిపిస్తుంది.

కొత్త పథకాలకన్నా ఉన్నవాటి తేదీలు మారడం ఇప్పుడు అవసరం. భృతి మొత్తాన్ని మెస్ బిల్లుకు సరిపోయేలా పెంచి, ఉద్యోగి జీతం లాగా ప్రతి నెలా ఒకటో తేదీన విద్యార్థి ఖాతాలో వేయాలి. ఫీజు కళాశాల నేరుగా ప్రభుత్వంతో తేల్చుకోవాలి, బకాయి పేరుతో సర్టిఫికెట్ ఆపడం శిక్షార్హం కావాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులకు రాష్ట్రమే నాన్-నెట్ భృతి ఇవ్వాలి. ప్రభుత్వం ఇవన్నీ చేసేలోపు ఇంట్లో పీజీకి వెళ్లబోయే పిల్లలున్నవారు ఒక పని చేయండి. డిగ్రీ చివరి సెమిస్టరులోనే ఆదాయ, కుల పత్రాలు తీసిపెట్టండి. సర్టిఫికెట్లలోనూ ఆధార్‌లోనూ బ్యాంకు ఖాతాలోనూ పేరు ఒకేలా ఉందో లేదో సరిచూడండి. స్కాలర్‌షిప్పు నోటిఫికేషన్ల తేదీలు అడ్మిషన్ల తేదీలకు ముందే తెలుసుకోండి. ఈ సీమలో విత్తనం సిద్ధం చేసుకోకుండా వానకోసం చూసే రైతు ఉండడు.